తెల్లవాళ్ళకి మేకప్ వేసి ఆసియా వేషాలు: హాలీవుడ్‌లో ఇది ఎందుకు ఆగలేదు?

పాతరీలు | శుక్రవారం రాత్రి 9:14

1937లో ఎం.జి.ఎం. తీసిన 'ది గుడ్ ఎర్త్' చైనాలో ఓ రైతు కుటుంబం కథ. కరువు, మిడతల దండు, వలస అన్నీ ఉంటాయి. రైతు వాంగ్ లుంగ్‌గా పాల్ మ్యూనీ, భార్య ఓ-లాన్‌గా జర్మనీలో పుట్టిన లూయిజ్ రైనర్. ఇద్దరూ తెల్లవాళ్ళే, మేకప్‌తో చైనావాళ్ళయ్యారు. రైనర్‌కి ఆ వేషానికి ఉత్తమ నటి ఆస్కార్ కూడా వచ్చింది.

సరిగ్గా అప్పుడే, అదే ఊళ్ళో, అన్నా మే వాంగ్ ఉంది. 1905లో లాస్ ఏంజెలెస్‌లోనే పుట్టింది, వాళ్ళ నాన్నది లాండ్రీ. మూకీల కాలం నుంచీ పేరున్న నటి. 1932లో 'షాంఘై ఎక్స్‌ప్రెస్'లో మార్లీన్ డీట్రిక్ పక్కన నిలబడి నెగ్గుకొచ్చింది. ఓ-లాన్ వేషం ఆమె చాలా ఆశపడినది. రాలేదు. హేస్ కోడ్ అని ఒక నిబంధనావళి ఉండేది, 1934 నుంచి గట్టిగా అమలైంది. జాతులు దాటిన ప్రేమలు, పెళ్ళిళ్ళు తెర మీద చూపించకూడదు. కోడ్‌లో రాసింది తెల్లవాళ్ళు, నల్లవాళ్ళ గురించే అయినా ఆసియా వాళ్ళకీ దాన్నే వర్తింపజేసేవారు. హీరో మ్యూనీ తెల్లవాడు కాబట్టి పక్కన భార్యగా చైనా అమ్మాయి పనికిరాదు. కథలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చైనావాళ్ళే అయినా సరే!

ఆమెకి ఇవ్వజూపింది సంసారంలో చిచ్చు పెట్టే రెండో భార్య లోటస్ వేషం. సినిమా మొత్తంలో మంచివాళ్ళంతా తెల్లవాళ్ళు, చెడ్డదాన్ని మాత్రం నేను వేయాలా అని వద్దంది. 1936లో చైనా ప్రయాణం కట్టింది.

ఆ కోడ్ 1968లో పూర్తిగా పోయింది. మరి 2010లో 'ద లాస్ట్ ఎయిర్‌బెండర్'కి, 2017లో జపాన్ కథతో తీసిన 'ఘోస్ట్ ఇన్ ద షెల్'కి కూడా అదే గొడవ ఎందుకు వచ్చింది? నిబంధన పోయాక అలవాటు ఎక్కడ దాక్కుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

బందరు_బుల్లోడు | 9:31

నటన అంటేనే లేనిది ఉన్నట్టు చూపించడం కదా బాసూ. ఎస్వీఆర్ ఘటోత్కచుడు వేస్తే రాక్షసులెవరైనా ధర్నా చేశారా? ఎన్టీఆర్ బృహన్నల వేశాడు, చూశాం, చప్పట్లు కొట్టాం. ఎవడు బాగా చేస్తే వాడికి వేషం. రైనర్‌కి ఆస్కార్ వచ్చిందంటే బాగానే చేసుంటుంది.

నల్లగొండ_రాధిక | 9:40

రాక్షసులు ఆడిషన్‌కొచ్చి లైన్ల నిలవడరు గదా బుల్లోడన్నా. ఆ పిల్ల నిలవడ్డది. గదే తేడా.

ఎవడు బాగ చేస్తే వాడికే అంటున్నవ్, మంచిగనే ఉన్నది. మరి ఆమెకు ఒక్కసారన్న తెల్లమ్మాయి వేషం ఇచ్చిండ్రా? చైనా పిల్ల తెల్లామె వెయ్యొద్దు, తెల్లామె మాత్రం చైనా పిల్లను వెయ్యొచ్చు. దీన్ని పట్టుకొని టాలెంట్ అంటే ఎట్ల?

సుబ్బారావు_మాష్టారు | 10:05

బుల్లోడు గారి ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే, ఆడవాళ్ళకే ఆ నడక రాదనేవారు మా పెద్దలు. ఆయన ప్రతిభకు వంక పెట్టేవాడు లేడు. కానీ ఆ వేషం మగవాడి దాకా రావడానికి కారణం ఏమిటి? సంసార స్త్రీలు నాటకం ఎక్కడాన్ని అప్పటి సంఘం ఒప్పుకోలేదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన నిలబడగలవు. అలాగే రైనర్ బాగా నటించిందన్నదీ నిజమే, వాంగ్‌ను గుమ్మం బయట నిలబెట్టారన్నదీ నిజమే. స్థానం వారి తరవాత స్త్రీలు రంగస్థలం మీదికి వచ్చారు, మగవాళ్ళు ఆ వేషాలు వదిలారు. హాలీవుడ్‌లో అలా వదలడానికి చాలా ఏళ్ళు పట్టింది, అదే అసలు విషయం.

కొన్ని చూడండి. చార్లీ చాన్ అనే చైనీస్ డిటెక్టివ్‌గా పదహారు సినిమాల్లో వేసింది స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలాండ్. 1932లో ఫూ మాంచూ అనే చైనా విలన్‌గా బోరిస్ కార్లోఫ్, అతని కూతురిగా మిర్నా లాయ్. 1944లో 'డ్రాగన్ సీడ్' అనే సినిమాలో చైనా పల్లెటూరి పిల్లగా కేథరిన్ హెప్‌బర్న్. 1956లో జాన్ వేన్ చెంఘీజ్ ఖాన్. 1961లో 'బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్'లో జపాన్ మనిషిగా మికీ రూనీ; ఆ పాత్ర ఇవాళ చూడాలంటే ముఖం తిప్పుకోవాలి.

మన దేశం సంగతికొస్తే, 1956లో 'భొవానీ జంక్షన్'లో ఆంగ్లో ఇండియన్ అమ్మాయిగా ఏవా గార్డ్‌నర్. 1984లో డేవిడ్ లీన్ 'ఎ పాసేజ్ టు ఇండియా' తీస్తూ అజీజ్‌గా విక్టర్ బెనర్జీని తీసుకున్నాడు, మెచ్చుకోవలసిందే. అదే సినిమాలో ప్రొఫెసర్ గాడ్‌బోలేగా ఇంగ్లీషు నటుడు అలెక్ గిన్నెస్‌కు తిలకం పెట్టాడు. 1984లో మన దేశంలో ఒక ముసలి బ్రాహ్మణుడి వేషానికి నటుడు దొరకలేదా?

బందరు_బుల్లోడు | 10:11

మాష్టారూ, జాన్ వేన్ చెంఘీజ్ ఖానా? కౌబాయ్ జాన్ వేనేనా? ఇది మీరు పుట్టించింది కాదు కదా 😂

సుబ్బారావు_మాష్టారు | 10:20

నిజమే నాయనా. 'ది కాంకరర్'. నిర్మాత హోవర్డ్ హ్యూస్. షూటింగ్ యూటా ఎడారిలో, పక్క రాష్ట్రంలో అణు పరీక్షలు జరిగిన చోటుకు గాలి వాలున. ఆ తరవాత యూనిట్‌లో ఎంతోమందికి కాన్సర్ రావడం మీద పెద్ద చర్చే ఉంది. అది ఇంకో రోజు.

న్యూజెర్సీ_మౌనిక | శనివారం ఉదయం 6:48

నిన్న రాత్రి మొదలుపెట్టి ఇప్పటికి చదివాను. పాత సినిమాలనగానే మన వాళ్ళు 'అప్పట్లో అంతే' అనేస్తారు. మా తరం చూసింది చెప్తాను.

1986లో 'షార్ట్ సర్క్యూట్' అని రోబో సినిమా వచ్చింది. అందులో బెన్ అనే ఇండియన్ సైంటిస్ట్ ఉంటాడు. వేసింది ఫిషర్ స్టీవెన్స్, తెల్లవాడు, ఒంటికి రంగు పూసుకుని, ఆ యాస పెట్టి. 1988లో రెండో భాగం వస్తే అందులో అతనే హీరో! నటుడు అజీజ్ అన్సారీ చిన్నప్పుడు తెర మీద ఒక ఇండియన్ని చూశానని మురిసిపోయి, ఎన్నో ఏళ్ళ తరవాత ఆయన ఇండియన్ కాదని తెలుసుకున్నాడు. దాని మీద 2015లో న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు కూడా.

తరవాత 'ద సింప్సన్స్' అనే టీవీ కార్టూన్‌లో కిరాణా కొట్టు ఇండియన్ అపూ. గొంతు తెల్లనటుడు హ్యాంక్ అజారియాది. ఇక్కడ పెరిగిన మన పిల్లల్లో స్కూల్లో ఆ 'థ్యాంక్యూ, కమ్ ఎగైన్' వినని వాళ్ళు తక్కువ. నాకూ తగిలింది. నవ్వేసి ఊరుకునేదాన్ని, ఇంకేం చేస్తాం. దీని మీద 2017లో 'ద ప్రాబ్లమ్ విత్ అపూ' అని డాక్యుమెంటరీ తీసింది హరి కొండబోలు, మన తెలుగు కుటుంబం అబ్బాయే, క్వీన్స్‌లో పెరిగాడు. అతన్ని సోషల్ మీడియాలో ఎంత తిట్టారంటే, చెప్పలేను. తిట్టినవాళ్ళలో ఇండియా నుంచి మనవాళ్ళు కూడా ఉన్నారు: 'జోక్‌ని జోక్‌లా తీసుకోవడం రాదా' అని. 2020 జనవరిలో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు, 2021లో ఒక పాడ్‌కాస్ట్‌లో క్షమాపణ కూడా చెప్పాడు. తిట్టినవాళ్ళెవరూ హరికి సారీ చెప్పినట్టు నాకు కనబడలేదు.

ఫిల్మ్‌నగర్_ఫణి | 10:22

నేను డిస్ట్రిబ్యూషన్ వైపు మనిషిని, కాబట్టి నాది డబ్బు లెక్క. తప్పనుకోకండి.

2014లో రిడ్లీ స్కాట్ 'ఎక్సోడస్' తీశాడు. మోషేగా క్రిస్టియన్ బేల్, ఫరోగా జోయెల్ ఎడ్గర్టన్. ఈజిప్టు కథలో ఈజిప్టు వాళ్ళెక్కడ అని అడిగితే ఆయన వెరైటీ పత్రికతో దాపరికం లేకుండా చెప్పాడు: స్పెయిన్ పన్ను రాయితీల మీద ఆధారపడి ఇంత బడ్జెట్ సినిమా తీస్తూ, నా హీరో ఫలానా ఊరి మొహమ్మద్ ఫలానా అంటే ఫైనాన్స్ పుట్టదు అని. జనం మండిపడ్డారు. నాకైతే కనీసం నిజం చెప్పాడనిపించింది. ఇక్కడ మాత్రం ఏం జరుగుతుంది? కథ ఎంత బాగున్నా ఫైనాన్షియర్ మొదట అడిగేది 'హీరో ఎవరు, ఓపెనింగ్స్ ఉంటాయా' అనే కదా. మార్కెట్ ఉన్న హీరో కావాలి. అక్కడ మార్కెట్ ఉన్న హీరోలు తెల్లవాళ్ళు. జాతి ద్వేషం కంటే ఇది వ్యాపార భయం అంటాను.

నల్లగొండ_రాధిక | 10:35

ఫణి అన్నా, మార్కెట్ ఎట్లొస్తది? హీరోగ వేస్తె వస్తది. హీరోగ వెయ్యనియ్యరు, మార్కెట్ లేదంటరు. మార్కెట్ లేదని మళ్ళ వెయ్యనియ్యరు. బేల్ పుట్టంగనే ఓపెనింగ్స్ తెచ్చుకున్నడా?

ఫిల్మ్‌నగర్_ఫణి | 11:02

ఒప్పుకుంటా, అది గుండ్రంగా తిరిగే వాదనే. కానీ ఆ చక్రం ఆపాలంటే ఎవడో ఒకడు సొంత డబ్బు పెట్టాలి. చెప్పడం తేలిక.

లెక్కలు చూడండి. 2010లో 'ద లాస్ట్ ఎయిర్‌బెండర్' బడ్జెట్ 15 కోట్ల డాలర్లు, ప్రపంచం మొత్తం మీద దాదాపు 32 కోట్లు. విమర్శకులు చీల్చి చెండాడారు, చెత్త సినిమాకిచ్చే రాజీ (Razzie) అవార్డు వచ్చింది, అయినా జనం వెళ్ళారు. అంటే తెల్లవాళ్ళని పెట్టినందుకు ప్రేక్షకుడు శిక్షించలేదు. 2016లో 'గాడ్స్ ఆఫ్ ఈజిప్ట్' 14 కోట్లు పెడితే 15 వచ్చింది, థియేటర్ల వాటా పోతే మునక. రిలీజుకి ముందే స్టూడియో, దర్శకుడు నటుల ఎంపికకి క్షమాపణ చెప్పిన సినిమా అది. 2017లో స్కార్లెట్ జోహాన్సన్‌తో 'ఘోస్ట్ ఇన్ ద షెల్' 11 కోట్లకి సుమారు 17. పబ్లిసిటీ ఖర్చు కలిపితే అది కూడా పెద్ద నష్టమే. పారామౌంట్ డిస్ట్రిబ్యూషన్ పెద్దే ఎంపిక మీద గొడవ రివ్యూల మీద పడిందన్నాడు.

2018లో ఆసియా నటులతో 'క్రేజీ రిచ్ ఏషియన్స్' 3 కోట్లతో తీస్తే దాదాపు 24 కోట్లు. అప్పుడు పరిశ్రమకి చెవికెక్కింది. చెవికెక్కింది న్యాయం కాదు, కలెక్షన్. నేను చెప్పేది అదే.

పాతరీలు | 11:30

ఫణి గారూ, మీ జాబితాలోకి ఒకటి చేరుస్తాను. 2016లో ఒకతను పెద్ద పెద్ద హాలీవుడ్ సినిమాల పోస్టర్లు తీసుకుని, హీరో ముఖం చోట జాన్ చో ముఖం అతికించి ఇంటర్నెట్‌లో పెట్టాడు. కొరియాలో పుట్టిన ఈ నటుడు హీరో అయితే ఎలా ఉంటుందో చూడండి అని. సరదాగా మొదలై పెద్ద ప్రచారమైంది. రెండేళ్ళకి అదే జాన్ చో నిజంగా హీరోగా 'సెర్చింగ్' వచ్చింది. సినిమా అంతా కంప్యూటర్ తెర మీదే నడుస్తుంది. ఖర్చు పది లక్షల డాలర్ల లోపు, వసూలు 7.5 కోట్ల డాలర్లు. దర్శకుడు అనీష్ చాగంటి. ఇంటిపేరు చూశారుగా.

తండ్రి పాత్రని ఆసియా మనిషిగా రాసినందుకు కథలో ఎక్కడా వివరణ ఉండదు. అతను తప్పిపోయిన కూతుర్ని వెతికే తండ్రి, అంతే. నాకు ఆ సినిమాలో అన్నిటికన్నా నచ్చింది అదే.

కాకినాడ_కాజా | 11:41

ఎయిర్‌బెండర్ తీసింది మన శ్యామలన్ కదా. మాహేలో పుట్టాడు. మాహే అంటే మా పక్కనున్న యానాంలాగే పుదుచ్చేరిలో భాగం. మన వాడే తీస్తూ హీరో, హీరోయిన్, హీరోయిన్ అన్న ముగ్గుర్నీ తెల్లపిల్లల్ని పెట్టి, విలన్ల దేశంలో మాత్రం ఇండియా వాళ్ళని, ముదురు రంగు వాళ్ళని పెట్టాడు. దేవ్ పటేల్ అందులోనే. కార్టూన్‌లో ఆ పిల్లలు టిబెట్, ఆర్కిటిక్ ఇన్యూట్ తరహా మనుషులు. మా తమ్ముడు ఆ కార్టూన్ పిచ్చోడు, సినిమా చూసి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

బందరు_బుల్లోడు | 12:10

మరి 'ఘోస్ట్ ఇన్ ద షెల్' సంగతి ఒకటి చెప్పండి. ఒరిజినల్ యానిమే (కార్టూన్ సినిమా) తీసిన జపాన్ దర్శకుడు మమోరు ఓషీయే జోహాన్సన్ ఉంటే తప్పేంటి అన్నాడు. అది రోబో ఒళ్ళు, దానికి జాతి ఏంటన్నాడు. జపాన్‌లో జనం కూడా పెద్దగా పట్టించుకోలేదు. సొంతగాళ్ళకే లేని బాధ పక్కవాళ్ళకెందుకు?

న్యూజెర్సీ_మౌనిక | సాయంత్రం 5:15

బుల్లోడు గారూ, ఇది మంచి ప్రశ్న. ఎందుకంటే అపూ విషయంలో కూడా సరిగ్గా ఇదే జరిగింది.

టోక్యోలో ఉన్న మనిషి టీవీ పెడితే అందరూ జపాన్ వాళ్ళే. హీరో, విలన్, వాతావరణం చెప్పేవాళ్ళు, సబ్బు ప్రకటన, అన్నీ. ఒక హాలీవుడ్ సినిమాలో తెల్లావిడ వేస్తే అతనికేం పోయింది? అమెరికాలో పుట్టిన జపాన్ పిల్లకి అలా కాదు. ఏడాదికొక్క వేషం వస్తుంది, అదీ తీసుకెళ్ళి ఇంకొకరికిచ్చారు. హైదరాబాద్‌లో ఉన్న మా పెద్దనాన్నకి అపూ నవ్వొస్తుంది, ఆయన్ని ఎవరూ ఆ గొంతుతో పిలవరు కాబట్టి. అందుకే ఓషీ ఒప్పుకున్నాడా లేదా అన్నది నాకు సాక్ష్యం కాదు. అడగాల్సింది జపనీస్ అమెరికన్లని. వాళ్ళు చాలా గట్టిగానే చెప్పారు.

మధ్యవర్తి_వేదిక | 5:40

ఒక సూచన. 'మన వాడు', 'వాళ్ళు' అంటూ మతాల వైపు వెళ్ళిన రెండు పోస్టులు తీసేశాం. సినిమా గురించి మాట్లాడుకుందాం.

సుబ్బారావు_మాష్టారు | రాత్రి 8:26

ఇప్పటిదాకా అందరూ రంగు పూసుకున్న వాళ్ళ కథలు చెప్పారు. రంగు దాచుకున్న మనిషి కథ ఒకటుంది, నాకు అన్నిటికన్నా అదే బాధ అనిపిస్తుంది.

మెర్ల్ ఓబెరాన్. 1911లో బొంబాయిలో పుట్టి, కలకత్తాలో పెరిగింది. తల్లి వైపు సిలోన్ మూలాలు. ఇంగ్లండు వెళ్ళి నటి అయింది, అక్కణ్ణుంచి హాలీవుడ్. తన పుట్టిల్లు ఆస్ట్రేలియాలోని టాస్మేనియా అనీ, పుట్టిన కాగితాలు అగ్నిప్రమాదంలో పోయాయనీ చెప్పుకుంది. తల్లిగా పెంచినావిడ చీర కట్టుకుని ఇంట్లో ఉంటే, వచ్చినవాళ్ళకు పనిమనిషి అని పరిచయం చేసేదంటారు. 1935 నాటి 'ది డార్క్ ఏంజెల్'కు ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 1979లో ఆమె పోయిన తరవాతే అసలు సంగతి లోకానికి తెలిసింది. 2023లో మలేషియా నటి మిషెల్ యో అదే అవార్డుకు పోటీ పడినప్పుడు కొన్ని పత్రికలు 'తాను ఆసియా మనిషినని చెప్పుకున్నవారిలో నామినేషన్ పొందిన మొదటి నటి' అంటూ మెలిక పెట్టి రాయవలసి వచ్చింది, ఓబెరాన్ వల్లనే.

ఇప్పుడు తమాషా వినండి. 1939లో 'వుదరింగ్ హైట్స్' తీశారు. ఎమిలీ బ్రాంటీ నవలలో హీత్‌క్లిఫ్ నల్లటి ఛాయవాడు, ఎక్కణ్ణుంచి వచ్చాడో ఎవరికీ తెలియని అనాథ. ఒకచోట వీడు లస్కరేమో అంటారు. లస్కర్లంటే ఆ రోజుల్లో ఇంగ్లీషు ఓడల్లో పనిచేసిన మన దేశపు కళాసీలు, ఆ చుట్టుపక్కల వాళ్ళు. ఆ వేషం వేసింది లారెన్స్ ఒలీవియర్. అతను ప్రేమించే తెల్లదొరసాని కేథీగా వేసింది బొంబాయిలో పుట్టిన మెర్ల్ ఓబెరాన్! హేస్ కోడ్ కళ్ళెదుటే, కోడ్ పట్టుకోలేని జంట. ఆ నిబంధన ఎవర్ని కాపాడిందో చెప్పండి?

2011లో ఆండ్రియా ఆర్నాల్డ్ అదే నవల తీస్తూ జేమ్స్ హౌసన్ అనే నల్లజాతి నటుణ్ణి హీత్‌క్లిఫ్‌గా తీసుకుంది. 2024లో మళ్ళీ ఇంకొకరు తీస్తున్నామంటూ తెల్లనటుడు జేకబ్ ఎలోర్డీ పేరు ప్రకటించగానే మళ్ళీ గొడవ.

నల్లగొండ_రాధిక | 8:44

మాష్టారూ, తల్లిని పనిమనిషని చెప్పుకునుడు... ఇది చదివి అట్లనే కూసున్న కాసేపు. ఆమెను అనబుద్ధైతలేదు నాకు. ఆమె నోట్ల ఆ మాట వెట్టినోళ్ళనే అనాలె.

బందరు_బుల్లోడు | 9:05

సరే, అన్నీ విన్నా. నా వంతు. 2023లో 'లిటిల్ మెర్మెయిడ్'లో హ్యాలీ బెయిలీని పెట్టారు. నల్లమ్మాయి. డెన్మార్క్ కథ, పాత కార్టూన్‌లో ఎర్రజుట్టు తెల్లపిల్ల. అప్పుడు ఎవరైనా నోరెత్తితే జాత్యహంకారి అన్నారు. అటు మారిస్తే అన్యాయం, ఇటు మారిస్తే ప్రగతి. ఇదెక్కడి లెక్క?

న్యూజెర్సీ_మౌనిక | 9:33

మత్స్యకన్యలకి జనాభా లెక్కలు లేవు కదండీ. మీరే అన్నారు, రాక్షసులు ధర్నా చేయరని. 🙂

ఆ గొడవ మన ఇంటికీ వచ్చింది. అవంతిక వందనపు గుర్తుందా? కాలిఫోర్నియా తెలుగమ్మాయి, చిన్నప్పుడు తెలుగు సినిమాల్లోనూ వేసింది, 2024లో 'మీన్ గర్ల్స్'లో మంచి పేరు తెచ్చుకుంది. ఆ ఏడాదే డిస్నీ రపుంజెల్ సినిమాలో ఆమెను తీసుకుంటున్నారని ఒక పుకారు పుట్టింది. అప్పటికి సినిమా లేదు, ప్రకటన లేదు, ఏమీ లేదు. ఉత్త పుకారుకే ఆ అమ్మాయి పేజీ నిండా బూతులు. లేని వేషానికే అంత తిట్టారు. ఇటు మార్చడం సులువు అనుకునేవాళ్ళు ఆ కామెంట్లు చదవాలి.

ఫిల్మ్‌నగర్_ఫణి | 9:50

మన దగ్గరా తక్కువేం కాదులెండి. 2014లో మణిపూర్ బాక్సర్ మేరీ కోమ్ కథకి ప్రియాంకా చోప్రా. అక్కడా సమాధానం మార్కెట్టే. తెలుగమ్మాయిలకి తెలుగు సినిమాలో చెప్పే సమాధానం కూడా అదే, అది మొదలుపెడితే ఈ వేదిక చాలదు.

కాకినాడ_కాజా | 10:02

ఒక అనుమానం. మరి బెన్ కింగ్స్‌లీ గాంధీ వేస్తే ఒప్పా తప్పా? ఆయన అసలు పేరు కృష్ణ భాన్జీ, నాన్న గుజరాతీ మూలాలవాడు. సగం. సగం సరిపోతుందా? 'క్రేజీ రిచ్ ఏషియన్స్' హీరో హెన్రీ గోల్డింగ్ తండ్రి ఇంగ్లీషు, తల్లి మలేషియా ఇబాన్ తెగ. అతను సరిపడా చైనీస్ కాదని కూడా కొందరు అన్నారు. ఇలా రక్తం కొలుచుకుంటూ పోతే చివరికి డీఎన్ఏ రిపోర్టు అడుగుతారేమో ఆడిషన్‌లో.

పాతరీలు | 10:48

కాజా, అందుకే రక్తం కొలవడం కన్నా, తలుపు ఎప్పుడు మూశారన్నది చూడాలంటాను. నేను మొదట్లో అడిగిన ప్రశ్నకి ఇంతసేపు చదివాక నాకు దొరికిన జవాబు ఇది.

2008లో 'ఎయిర్‌బెండర్' నటుల కోసం వేసిన ప్రకటనలో ముఖ్య పాత్రలకి 'తెల్లజాతి వారు లేదా మరే ఇతర జాతి వారైనా' అని రాశారు. పైకి తలుపులన్నీ తెరిచినట్టే ఉంది. కానీ ఆసియా ప్రపంచంలో నడిచే కథకి మొదట రాసిన జాతి ఏది? 2011లో 'హంగర్ గేమ్స్' ప్రకటన ఇంకా సూటిగా ఉంది. నవలలో హీరోయిన్ కాట్నిస్‌ది ఆలివ్ రంగు ఒళ్ళు, నల్ల జుట్టు. ప్రకటనలో అడిగింది తెల్లజాతి అమ్మాయిల్నే. జెన్నిఫర్ లారెన్స్ బాగా చేసింది, సందేహం లేదు. కానీ ఆ వేషానికి ఎవరెవరు పోటీ పడొచ్చో ఆడిషన్‌కి ముందే ఒక వాక్యంలో తేల్చేశారు. 'ఎవడు బాగా చేస్తే వాడికి' అన్న వాదన ఇక్కడ నిలబడదు. రానివ్వని మనిషి బాగా చేస్తాడో లేదో ఎలా తెలుస్తుంది?

అదే సినిమాలో రూ అనే చిన్నపిల్ల ఉంది. నవల ముదురు గోధుమ రంగు అని రాసింది, అలాగే అమాండ్లా స్టెన్‌బర్గ్‌ని తీసుకున్నారు. 2012లో సినిమా వచ్చాక 'రూ నల్లపిల్లేంటి' అని అభిమానులే ట్విట్టర్‌లో ఏడ్చారు. పుస్తకం చదివిన అభిమానులు!

కోడ్ పోయాక ఆ అలవాటు దాక్కున్నది ఇలాంటి ప్రకటనల్లో, ఫణి గారి ఫైనాన్షియర్ల దగ్గరున్న పేర్ల జాబితాల్లో. 1930లో చట్టంలా రాసుకున్నారు, తరవాత జాబితాలా రాసుకున్నారు.

కాకినాడ_కాజా | 11:05

మార్వెల్ సంగతి మర్చిపోయారు. 'డాక్టర్ స్ట్రేంజ్'లో గురువు.

పాతరీలు | 11:29

మర్చిపోలేదు, అది అంత తేలిగ్గా తేలేది కాదు. కామిక్‌లో ఆ గురువు టిబెట్ ముసలాయన, 1963 నాటి మూస పాత్ర. అలాగే తీస్తే మళ్ళీ గడ్డం మెలేసే తూర్పు దేశపు జ్ఞాని అని తిడతారు. దర్శకుడు ఆ మూస తప్పించాలనుకున్నానన్నాడు. తప్పించడానికి టిల్డా స్వింటన్ అనే తెల్లావిడని తెచ్చి సెల్టిక్, అంటే యూరప్ మూలాల గురువుని చేశారు. రచయితల్లో ఒకాయన ఇంకో మాట కూడా బయటపెట్టాడు: టిబెట్ మనిషిని పెడితే చైనా మార్కెట్ పోయే ప్రమాదం ఉందని. మూస భయం ఒకటి, చైనా భయం ఒకటి. ఆ రెంటి మధ్య ఆసియా నటుడికి ఒక మంచి వేషం పోయింది. మూసని మార్చి రాయడానికి మనిషిని మార్చక్కర్లేదు కదా, రాతని మార్చాలి. 2021లో మార్వెల్ అధిపతి కెవిన్ ఫైగీయే అది తమకొక మేలుకొలుపు అన్నాడు.

నల్లగొండ_రాధిక | 11:36

ఎడ్ స్క్రైన్ అనే తెల్ల నటుని పేరు ఎవ్వరు తియ్యలె. 2017ల 'హెల్‌బాయ్'ల జపనీస్ అమెరికన్ పాత్ర ఇచ్చిండ్రు. గొడవైంది, ఆయనే వద్దని తప్పుకున్నడు. డేనియల్ డే కిమ్‌కు వచ్చింది ఆ వేషం. ఒక్కడన్న చేసిండు గట్ల.

బందరు_బుల్లోడు | ఆదివారం ఉదయం 8:17

ఎడ్ స్క్రైన్‌కి నమస్కారం, కానీ ఆ సినిమా అట్టర్ ఫ్లాప్. 😄

పాతరీలు గారి ప్రకటన పాయింటు బాగుంది. అయినా క్లియోపాత్రా సంగతికి జవాబు కావాలి నాకు. 2023లో నెట్‌ఫ్లిక్స్ క్లియోపాత్రాగా అడెల్ జేమ్స్‌ని, నల్లజాతి నటిని పెట్టింది. అప్పుడు గొడవ చేసింది తెల్లవాళ్ళు కాదు, ఈజిప్టు వాళ్ళే. కేసు కూడా వేశారు. వాళ్ళూ జాత్యహంకారులేనా?

సుబ్బారావు_మాష్టారు | 9:50

కొందరి మాటల్లో అదీ ఉంది, కాదనను. ఆ అమ్మాయిని తిట్టిన తిట్లు ఏ రకంగానూ సమర్థించలేం. కానీ కోపానికి వేరే కారణాలూ ఉన్నాయి.

హాలీవుడ్ క్లియోపాత్రాలను లెక్కపెట్టండి. 1917లో థీడా బారా, 1934లో క్లాడెట్ కోల్బర్ట్, 1963లో ఎలిజబెత్ టేలర్. 2020లో కొత్త సినిమాకు ప్రకటించిన పేరు గాల్ గడాట్. ఇందులో ఈజిప్టు నటి ఒక్కరూ లేరు. చరిత్ర ప్రకారం క్లియోపాత్రా వంశమైన టాలమీలు మాసిడోనియా నుంచి వచ్చిన గ్రీకు వంశం, కాబట్టి తెల్లగా ఉన్నవాళ్ళు వేస్తే తప్పేమిటని అనవచ్చు. నిజమే. అయితే ఆ వంశం ఈజిప్టులో మూడు వందల ఏళ్ళు ఏలింది, క్లియోపాత్రా తల్లి ఎవరో చరిత్రకారులు కచ్చితంగా తేల్చలేదు. నిర్మాతలు నల్లగా చూపడానికి ఆ ఖాళీనే వాడుకున్నారు.

అది కల్పిత కథ అని తీసి ఉంటే నాకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు, షేక్‌స్పియర్ నాటకంలో ఆ రాణిని ఎవరైనా వేయవచ్చు. డాక్యుమెంటరీ అని పేరు పెట్టి, మధ్యమధ్య పండితులను కూర్చోబెట్టి మాట్లాడించారు. అక్కడ మాత్రం నేను ఈజిప్టు వాళ్ళ వైపే.

బందరు_బుల్లోడు | 10:02

ఇది నాకు సరిపోయింది మాష్టారూ. ఇంతకీ ఆ థీడా బారా సినిమా ఎక్కడైనా దొరుకుతుందా?

సుబ్బారావు_మాష్టారు | 10:15

దొరకదు. ప్రింట్లు పోయాయి, కొద్దిపాటి తునకలు మిగిలాయి. ఫోటోలు మాత్రం బోలెడున్నాయి.